కోడి సంవత్సరపు అక్క

మా ఊరికి కొత్తగా ఎవరైనా ఆడమనిషి వస్తే పేరు తర్వాత అడుగుతాం. ముందు పుట్టిన సంవత్సరం కావాలి. వయసెంతని మొహం మీద అడగడం మర్యాద కాదు కాబట్టి "మీది ఏ జంతువు?" అంటాం. మాకు ఒక్కో ఏడాదికి ఒక్కో జంతువు, పన్నెండేళ్ళకోసారి అదే వరస మళ్ళీ వస్తుంది. ఎలుక, ఎద్దు, పులి, కుందేలు... పన్నెండింటిలో ఏదో ఒకటి చెప్పగానే అందరి బుర్రల్లోనూ లెక్క పడిపోతుంది. ఎవరు అక్క, ఎవరు చెల్లెలు, ఎవరు ఎవర్ని మీరు అనాలి, ఎవరి గ్లాసులో ఎవరు పొయ్యాలి అన్నీ అక్కడే తేలిపోతాయి. ఆ లెక్క తేలేదాకా ఇద్దరు కొరియా ఆడవాళ్ళు నోరు విప్పి మాట్లాడుకోలేరు. ఎండలు ముదిరాయి కదండీ అనుకుంటూ కూర్చుంటారు.

మా ఊరంటే కొరియాలో ఊరు కాదు, టెక్సస్‌లో కిల్లీన్. పక్కనే సైనిక స్థావరం. అమెరికా సిపాయిల చెయ్యి పట్టుకుని వచ్చినవాళ్ళం ఇక్కడ వందల మందిమి ఉన్నాం. కొందరం ఇష్టపడి పట్టుకున్నాం, కొందరికి ఎవరో పట్టించారు. ఆ రెండో రకం గురించి మాలో మేం ఒకర్నొకరం అడగం. పన్నెండు జంతువుల గురించి ఎంత గుచ్చి గుచ్చి అడుగుతామో, ఎలా వచ్చావన్నది అంత జాగ్రత్తగా దాటేస్తాం.

నా పేరు కుమ్‌రాన్. పంది సంవత్సరం. నాకు బ్యూటీ పార్లర్ ఉంది. కుమ్‌రాన్ చెవిలో పడ్డ మాట తల ఆరేలోపు ఊరు దాటుతుందని నా మీద ఒక నింద ఉంది. నింద అనకూడదేమో, నిజమే. మనిషి తల నా చేతుల్లో ఉన్నప్పుడు లోపలేముందో తెలుసుకోవాలని నాకు వేళ్ళు దురద పెడతాయి. దేవుడు నన్నలా చేశాడు, నేనేం చెయ్యను?

జంగ్‌నిమ్ అక్కని మొదట చూసింది ఆమె కుట్టు దుకాణంలో. యూనిఫారాల మీద పేరు పట్టీలు, హోదా గుర్తులు కుట్టే దుకాణం అది. మా ఆయనకి ప్రమోషన్ వస్తే చొక్కా పట్టుకుని వెళ్ళాను. మిషను వెనక సన్నగా, నిటారుగా కూర్చుని ఉంది. నేను చొక్కా బల్ల మీద పెడుతూనే అడిగేశాను.

"మీది ఏ జంతువండీ?"

మిషను ఆగింది. ఆమె సూదిలోంచి జారిన దారం వంక చూసింది. దారం ఎక్కించింది. అప్పుడు చెప్పింది.

"కోడి."

నాకంటే రెండేళ్ళు పెద్ద. ఆ నిమిషం నుంచి ఆమె నాకు అక్క, మీరు. నేను ఆమెకి కుమ్‌రాన్, నువ్వు. అంతా సవ్యంగానే ఉంది కానీ ఆ దారం సంగతి మాత్రం నా మనసులో ఉండిపోయింది. పుట్టిన సంవత్సరం అడిగితే ఎవరైనా ఆలోచిస్తారా? నిద్రలో లేపి అడిగినా చెబుతారు.

అక్కరికం చెయ్యడంలో మాత్రం ఆమెకి వంక పెట్టలేం. సోమవారం నా పార్లర్‌కి సెలవు. ఆ రోజు మధ్యాహ్నం ఇద్దరం మా స్నేహితురాలు హ్వాజా నడిపే హోటల్లో కత్తితో కోసిన నూడుల్స్ తినేవాళ్ళం. మాలో పెద్దవాళ్ళు ఉండగా చిన్నవాళ్ళు డబ్బు తీస్తే పెద్దవాళ్ళని అవమానించినట్టు. అయినా మొహమాటానికి సగం లేచి, సంచిలో చెయ్యి పెట్టి, "ఈసారి నేనిస్తానక్కా" అనాలి. నేను అనేదాన్ని. ఆమె నా చేతి మీద ఒక్కటి వేసి, "చిన్నదానివి, ఊరుకో" అని తనే ఇచ్చేది. ముప్పై ఏళ్ళు ఆమె డబ్బుతో నూడుల్స్ తిన్నాను. ఒక్కసారి కూడా నా చెయ్యి సంచి అడుగుదాకా వెళ్ళలేదు.

ఒక కొత్త పెళ్ళికూతురు మొగుడు కొడితే చెప్పుల్లేకుండా పరిగెత్తుకుంటూ ఆమె దుకాణానికే వచ్చింది. అక్క ఆ పిల్లని లోపల కూర్చోబెట్టి, కత్తెర చేతిలో అలాగే పట్టుకుని, వాడి పై అధికారి దగ్గరికి వెళ్ళింది. ఆమె ఇంగ్లీషు అంతంతమాత్రం. కత్తెర వల్ల పని జరిగిందని మేం తర్వాత నవ్వుకున్నాం. హ్వాజాకీ నాకూ ఒకసారి ముల్లంగి ఊరగాయ మీద మాటామాటా పెరిగి మూడు నెలలు మాటల్లేకపోతే, ఇద్దర్నీ పిలిచి ఎదురెదురుగా కూర్చోబెట్టి తిట్టింది. హ్వాజాది పులి సంవత్సరం. "ఈ ఊళ్ళో పులిని నేనొక్కదాన్నే" అని రొమ్ము విరుచుకుని తిరిగే మనిషి. ఆ పులి కూడా ఆ రోజు తల వంచుకుని "తప్పయిందక్కా" అంది.

ఇంత పెద్దరికం ఉన్న మనిషి విషయంలో నాకు కొన్ని లెక్కలు కుదిరేవి కావు.

ఆమె తలకి రంగు వేసేది నేనే. నలభైల చివర్లో ఉండాల్సిన తల, కుదుళ్ళ దగ్గర చూస్తే నెరుపు నామమాత్రం. వంశం అనుకున్నాను. తర్వాత మా అందరికీ ఒంట్లో ఆవిర్లు వచ్చే వయసు వచ్చింది, కొన్నాళ్ళకి పోయింది. అవి పోయి మేం హాయిగా ఉన్న రోజుల్లో ఈమె మొదలుపెట్టింది. యాభై ఏడేళ్ళ మనిషి మిషను దగ్గర పేరు పట్టీల అట్టతో విసురుకుంటూ కూర్చుంటే నేను నోరు మూసుకోలేకపోయాను.

"ఏంటక్కా, రైలు వెళ్ళిపోయాక స్టేషనుకి వచ్చారా?"

"నీ పనేదో నువ్వు చూసుకోవే," అంది. నవ్వలేదు.

మరోసారి చిన్నప్పటి బడి కబుర్లు వచ్చాయి. బళ్ళో పెద్ద గంగాళంలో కాచి పోసిన మొక్కజొన్న జావ గురించి నేను చెబుతుంటే, "మాకు రొట్టె ఇచ్చేవాళ్ళు" అంది. రొట్టె మా వెనక తరగతుల పిల్లలకి వచ్చింది. నాకంటే పెద్దది, జావ తాగకుండా రొట్టె ఎలా తింది? ఆమెది గనుల ఊరు కదా, అక్కడ ముందే ఇచ్చారేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సర్దుకున్నానే గాని ఆ రాత్రి మా ఆయన్ని కూడా విసిగించాను.

అన్నిటికంటే వింత ఇంకోటి. ఏటా జనవరిలో ఒక రోజు పట్టపగలు దుకాణం తలుపు వేసేసేది. ఒకసారి నేను కిటికీ అద్దానికి ముక్కు ఆనించి చూశాను. బల్ల మీద రెండు గిన్నెల నూడుల్స్. ఒకటి ఆమె ముందు, ఒకటి ఖాళీ కుర్చీ ముందు. ఆమె తనది తిని, రెండోది ముట్టుకోకుండా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత అడిగితే "ఆకలెక్కువైంది" అంది. ఆకలెక్కువైనవాళ్ళు రెండోది వదిలేస్తారా?

రెండువేల పదిహేడులో ఆమె కోడి సంవత్సరం ఐదోసారి తిరిగి వచ్చింది. అరవై ఏళ్ళ చక్రం పూర్తయి, మనిషి పుట్టిన సంవత్సరం మళ్ళీ గుమ్మంలోకి రావడం, అదే షష్టిపూర్తి. సియోల్‌లో ఇప్పుడు అది ఎవరూ పెద్దగా చెయ్యరట, అరవై కూడా ఒక వయసేనా అంటారట. మేం దేశం వదిలిన రోజు గడియారమే మాకు ఇంకా నడుస్తోంది. మాకు షష్టిపూర్తి అంటే షష్టిపూర్తే. పళ్ళు, ఖర్జూరాలు, బియ్యప్పిండి వంటలు మూరెడెత్తు పేర్చిన బల్ల. దాని వెనక పరుపు మీద అరవై నిండిన మనిషి. ముందు పిల్లలు నేల మీద నుదురు ఆనించి మొక్కడం.

అక్కకి పిల్లల్లేరు. మొగుడి ఊసే ఎప్పుడూ లేదు.

"పిల్లల్లేకపోతేనేం? మనం చెల్లెళ్ళం లేమా?" అంది హ్వాజా. "మనమే మొక్కుదాం. నా హోటల్ హాలు, నా వంట. ఎవరూ అడ్డం రాకండి."

విషయం చెప్పగానే అక్క అడ్డం తిరిగింది. వద్దంది. ఖర్చెందుకంది. నడుం నొప్పంది. మేం వినకపోతే అరవై నిండిన ఆడది రంగులు పులుముకుని కూర్చుంటే అసహ్యంగా ఉంటుందంది. అలా అంటారని తెలుసు కాబట్టి మేం పట్టించుకోలేదు. పండగలకి కట్టే మా కొరియా దుస్తులు, హన్‌బోక్, కుట్టడానికి కొలతలిమ్మంటే ఇవ్వలేదు. హ్వాజా ఆమె పాత రవిక దొంగిలించి కొలత తీసింది. శనివారం విందు అనగా ఆ సోమవారం అక్క నూడుల్స్‌కి రాలేదు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి.

నాకు భయమేసింది. ఏదైనా పెద్ద జబ్బు దాస్తోందేమో. ఊరికే భయమే అనుకోకండి, ఏంటా అన్న ఆత్రం కూడా ఉంది. అంచు చిరిగిన గౌనొకటి సాకు పెట్టుకుని దుకాణానికి వెళ్ళాను.

"అక్కా, నిజం చెప్పండి. డాక్టరేమైనా అన్నాడా?"

"డాక్టరేమంటాడు? నిక్షేపంలా ఉన్నాను."

"మరి షష్టిపూర్తంటే ఎందుకు పారిపోతున్నారు? మేం మొక్కితే మీకేమన్నా దోషమా?"

ఆమె మిషను ఆపింది. నా మొహంలోకి చూసింది. ఈ ఊళ్ళో నోరు నిలవనిదెవరని అడిగితే చంటిపిల్ల కూడా నా పేరే చెబుతుంది. అది ఆమెకీ తెలుసు.

"దోషమే," అంది. "తలుపు వేసి రా."

వేసి వచ్చాను.

"నీది పంది కదా. పందికి మూడేళ్ళ తర్వాత ఏ జంతువొస్తుంది?"

ఎలుక, ఎద్దు, పులి. వేళ్ళ మీద లెక్కేశాను.

"పులి."

"నేను పులి."

నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక మళ్ళీ వేళ్ళ మీద లెక్కేశాను. నాకంటే రెండేళ్ళు పెద్ద కాదు, మూడేళ్ళు చిన్న. ఆ తలలో లేని నెరుపు, ఆ ఆవిర్లు, ఆ రొట్టె, అన్నీ ఒక్కసారే వచ్చి వాటి వాటి చోట్ల కూర్చున్నాయి.

ఆమె అసలు పేరు మల్‌సూన్. మాలో ఆడపిల్ల మీద ఆడపిల్ల పుడుతుంటే ఇంక చాలు, ఇదే ఆఖరు అని పెట్టే పేరది. గనుల ఊళ్ళో నలుగురు ఆడపిల్లల్లో కడపటిది. ఇంట్లో అందరూ అక్కలే. పదహారేళ్ళప్పుడు సియోల్ స్టేషను దగ్గర ఉద్యోగాలిప్పించే ఆఫీసొకటి చూసి, హోటల్లో పని అంటే నమ్మి వెళ్ళింది. వాళ్ళు ఆమెని సైనిక స్థావరం పక్కన క్లబ్బుకి అమ్మేశారు. తనని కొన్న డబ్బే తన అప్పు అయింది. తిన్నది, కట్టింది, పడుకున్న మంచం కూడా ఆ అప్పులోనే కలిపారు.

"మొదటి రోజు ఏడ్చి ఏడ్చి నాకు సొమ్మసిల్లింది. నా గదిలోనే ఇంకో అమ్మాయి ఉండేది. ఇరవై ఒకటో, ఇరవై రెండో. వచ్చి, ఏడుపు తర్వాత, ముందు నీది ఏ జంతువో చెప్పు, అంది. పులి అన్నాను. నాది కోడి, నన్ను అక్కా అను, అంది. చెయ్యి పట్టుకుని వీధి చివర బండి దగ్గరికి తీసుకెళ్ళి నూడుల్స్ ఇప్పించింది. నా దగ్గర చిల్లర ఉంటే తియ్యబోయాను. చేతి మీద ఒక్కటేసి, చిన్నదానివి, ఊరుకో, అంది."

నేను ఆమె చేతుల వంకే చూస్తూ కూర్చున్నాను.

"ఆవిడే జంగ్‌నిమ్," అంది.

ఆ జంగ్‌నిమ్‌కి నా అన్నవాళ్ళు లేరు. మరుసటి జనవరిలో చలి ఎక్కువై, గది వెచ్చగా ఉండాలని నేల కింద కాల్చే బొగ్గు బిళ్ళల విషపు పొగ సందుల్లోంచి పైకి వచ్చింది. ఆ రాత్రి మల్‌సూన్ జ్వరమని కింద వంటింట్లో పడుకుంది కాబట్టి బతికింది. తెల్లారి తలుపు తీస్తే అక్క లేవలేదు. క్లబ్బు యజమానురాలు అంత్యక్రియలు చప్పుడు లేకుండా కానిచ్చేసింది. చావు ఎక్కడా రాయించలేదు. ఎందుకు రాయించలేదో రెండు నెలలకి తెలిసింది. డబ్బు తీసుకుని అమ్మాయిల్ని పెళ్ళాడి అమెరికా చేర్చే సిపాయి ఒకడు కుదిరాడు. మల్‌సూన్ వయసు చాలదు. జంగ్‌నిమ్ వయసు చాలుతుంది. కాగితాల మీద జంగ్‌నిమ్ ఇంకా బతికే ఉంది.

"పెళ్ళికొడుకుని మూడోసారి చూసింది విమానంలో. హ్యూస్టన్‌లో దిగాక పార్కింగ్ స్థలంలో ఒకావిడకి నన్ను అప్పజెప్పి, చెయ్యూపి వెళ్ళిపోయాడు. తర్వాత మసాజ్ పార్లర్. తాళం బయటి నుంచి వేసేవాళ్ళు. ఇంక దాని గురించి అడగకు."

అడగలేదు. నా జన్మలో అడగకుండా ఉన్నది అదొక్కటే.

కుట్టు వచ్చని అక్కడి అమ్మాయిల బట్టలు బిగించే పని ఆమెకిచ్చారట. ఒక రోజు దారం కొనడానికి కాపలా మనిషితో బజారుకి పంపారు. అతను ముందు గుమ్మంలో సిగరెట్టు కాలుస్తుంటే ఆమె వెనక గుమ్మంలోంచి నడుచుకుంటూ వెళ్ళి, ఎదురుగా ఆగి ఉన్న బస్సెక్కింది. అది ఎక్కడికెళ్తుందో తెలీదు. దిగిన ఊళ్ళో ఒక దుకాణం అద్దం మీద కొరియా అక్షరాలు కనబడ్డాయి. బట్టలు బాగుచేయబడును. లోపల పున్రే అవ్వ ఉంది. అప్పట్లో దుకాణం ఆవిడది. అవ్వ తలెత్తి అడిగిన మొదటి మాట, నీది ఏ జంతువు అని.

"నోట్లోంచి కోడి అని వచ్చేసింది. ఇంక అదే నడిచింది. మొదట భయంతో చెప్పాను. తర్వాత ఆ అక్క ఎలా ఉండేదో అలా ఉండాలనిపించింది. నేను కడపటిదాన్ని కుమ్‌రాన్, నాకు పెద్దరికం ఏం తెలుసు? ఆవిడ చేసినట్టే చేశాను. మీ అందరికీ నూడుల్స్ ఇప్పించింది ఆవిడే అనుకో."

"ఇన్నాళ్ళు నడిచింది కదా," అన్నాను. "శనివారం కూడా నడిచిపోతుంది. కూర్చోండి. మేం మొక్కుతాం, తింటాం, పోతాం. బయటపెడితే ఏమవుతుందో తెలుసా? ఈ దేశం మీకిచ్చిన కాగితం ఆ పేరు మీదే ఉంది. పీకేస్తారు. అరవై..." నాలిక కరుచుకున్నాను. "యాభై అయిదేళ్ళప్పుడు తీసుకెళ్ళి విమానం ఎక్కిస్తే ఎక్కడికెళ్తారు?"

"నువ్వు నాకంటే పెద్దదానివి. నాకు నుదురు నేలకి ఆనించి మొక్కుతావా?"

"మొక్కుతాను. నాకేం, మోకాళ్ళ నొప్పులొక్కటే బాధ."

ఆమె నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"అక్కా అనిపించుకున్నాను, సరే. అది ఆవిడ పేరుకి. కానీ షష్టిపూర్తి ఆవిడది. ఆవిడకి ఇరవై రెండేళ్ళతోనే అయిపోయింది. ఆ బల్ల వెనక నేనెలా కూర్చుంటానే?"

ఆ వారమంతా నేను పడ్డ అవస్థ దేవుడికి తెలుసు. పార్లర్‌లో ఒక్కో తల వస్తోంది, శనివారం విందు సంగతే మాట్లాడుతోంది. నేను నీళ్ళ కుళాయి ఇంకా పెద్దగా తిప్పుకున్నాను. కుమ్‌రాన్‌కి గొంతు పోయిందా అని హ్వాజా అల్లం టీ పంపింది.

శనివారం హాలు నిండిపోయింది. పున్రే అవ్వని కూడా చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. తొంభై దాటినా కళ్ళు సూదిలా ఉన్నాయి. అక్క వస్తుందో రాదోనని నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. వచ్చింది. మేం కుట్టించిన లేత ఆకుపచ్చ హన్‌బోక్ కట్టుకుంది. చేతిలో మూత పెట్టిన గిన్నె ఉంది.

హ్వాజా గరిటె ఊపుతూ అరిచింది. "చెల్లెళ్ళంతా వరసలోకి రండి! అక్కా, మీరు పరుపు మీద కూర్చోండి."

ఆమె కూర్చోలేదు. పళ్ళ గుట్టల మధ్య చోటు చేసి గిన్నె పెట్టి మూత తీసింది. నూడుల్స్. ఖాళీ పరుపు వైపు తిప్పి చాప్‌స్టిక్స్ సర్దింది. తర్వాత బల్ల చుట్టూ తిరిగి మా వైపు వచ్చి, మా వరసలో చివర, అందరికంటే వెనక నిలబడింది.

"ఈ రోజు షష్టిపూర్తి జంగ్‌నిమ్‌ది," అంది. "నేను జంగ్‌నిమ్‌ని కాదు."

చెప్పింది. నాకు చెప్పినంత వివరంగా కాదు. క్లబ్బు, పొగ, కాగితం, విమానం. మసాజ్ పార్లర్ పేరెత్తకుండా హ్యూస్టన్ అంది, అంతే. ఆ ఊరి పేరు వినగానే వెనక బల్ల దగ్గర ఇద్దరు తలలు దించుకున్నారు. వాళ్ళ సంగతి నాకు ఆ నిమిషందాకా తెలీదు. వంటింట్లో కుక్కర్ కూత వేస్తున్నా హ్వాజా వెళ్ళలేదు.

మొదట మాట్లాడింది పున్రే అవ్వ.

"కోడి అంటే మెడ మీద ఇంత లేత చర్మం ఉంటుందా అని ఆ రోజే అనుకున్నాను."

"తెలిసీ అడగలేదా అవ్వా?" అన్నాను. ఆపుకోవడం నా వల్ల కాలేదు.

"అందరూ నీలాగే ఉంటారా? చెప్పేదైతే చెప్పేది." అవ్వ పరుపు వైపు గడ్డం ఎత్తింది. "ఏం చూస్తున్నారు? మన ఊళ్ళల్లో పోయినవాళ్ళకి షష్టిపూర్తి చెయ్యరా? ఆ పిల్లకి అరవై నిండాయి. మొక్కండి."

మాలో బతికున్నవాళ్ళకి ఒక మొక్కు, పోయినవాళ్ళకి రెండు. పోయినవాళ్ళకి మొక్కడం తప్పనే చర్చిలో ముందు వరసలో కూర్చునే పెద్దమ్మలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత వాళ్ళే ముందు మోకాళ్ళ మీదికి వంగారు. నేను నుదురు నేలకి ఆనించాను. ఎన్నడూ చూడని ఆ అమ్మాయి నాకంటే రెండేళ్ళు పెద్ద. నిజంగానే నాకు అక్క. ముప్పై ఏళ్ళు నేను ఎవర్ని అక్కా అని పిలిచానో ఆ రోజు తెలిసింది. రెండోసారి వంగినప్పుడు ఏడుపు ఆగలేదు.

లేచేసరికి హ్వాజా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"ఉండు. నీది పులి అన్నావా? ఏ నెల?"

"అక్టోబరు."

"నాది మార్చి! ముల్లంగి ఊరగాయకి నాతో తప్పయిందక్కా అనిపించుకున్నావు కదే, దొంగమొహమా!"

హాలంతా ఒక్కసారి నవ్వేసింది. హ్వాజా ఆమెని కావిలించుకుని వదల్లేదు, కుక్కర్ మాడిపోయింది.

ఆ హాల్లో ఉన్నది చిన్న రహస్యం కూడా కడుపులో దాచుకోలేని ఆడవాళ్ళు. ఆ మాట మాత్రం గుమ్మం దాటలేదు. మల్‌సూన్ ఆ తర్వాత తనే వకీలు దగ్గరికి వెళ్ళింది. అమ్ముడుపోయి వచ్చినవాళ్ళ కోసం చట్టంలో దారి ఉందని అతను కాగితాలు పెట్టాడు. ఇంకా తేలలేదు. ఏమవుతుందోనని నాకు ఇప్పటికీ గుండె దడే. తేలకముందే ఎవరికైనా చెప్పొచ్చా అని అడిగితే, "చెప్పు. నీ నోటికి ఇంతకంటే మంచి పని దొరకదు. ముందు ఆవిడ పేరు చెప్పు, తర్వాత నాది" అంది. అందుకే చెబుతున్నాను.

విందయ్యాక వచ్చిన సోమవారం, మామూలుగా హ్వాజా హోటల్లో కూర్చున్నాం. ఒకర్నొకరు ఎలా పిలుచుకోవాలో తెలీక చాలాసేపు నూడుల్స్ మీదే దృష్టి పెట్టాం. నేను రెండుసార్లు మీరు అనబోయి దగ్గాను. ఆమె నన్ను ఏమీ అనకుండా ముల్లంగి గిన్నె నా వైపు నెట్టింది.

"అక్కా," అంది గిన్నెలోకి చూస్తూ. "ఉప్పు తక్కువైంది, ఆ గిన్నె ఇటివ్వవా?"

ఆమె గొంతులో ఆ మాట నేనెప్పుడూ వినలేదు. చిన్నపిల్ల గొంతది. ఉప్పు అందించాను.

హ్వాజా బిల్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. ముప్పై ఏళ్ళ అలవాటు, మల్‌సూన్ చెయ్యి దానంతటదే సంచిలోకి వెళ్ళింది. ఆ చేతి మీద ఒక్కటి వేశాను.

"చిన్నదానివి, ఊరుకో," అన్నాను.